పిన్ని కలిపిన క్రీము

మా వరుస క్వార్టర్ల ఆడవాళ్ల అందమంతా ఎదురింటి పిన్ని ఫ్రిజ్‌లో ఉండేది. చుట్టరికం లేకపోయినా ఆవిడని అందరం పిన్ని అనేవాళ్లం. దోసెల పిండికీ పెరుగు గిన్నెకీ మధ్య, మూత వదులైన పాత జాం సీసా ఒకటి పెట్టుకునేది. మధ్యాహ్నం పనులయ్యాక మా రైల్వే వర్క్‌షాపు వాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీ ఇల్లాళ్లు వచ్చి అందులో వేలు ముంచి చెంపలకి రాసుకుపోయేవారు. సీసా ఒకటే, వేళ్లు అందరివీ. ఇంట్లో ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే పిల్లల వీపు విమానం మోత మోగించేది వీళ్లే.

ఆ సీసాలో ఉన్నది కోల్డ్ క్రీము, కాస్త పౌడరు, తామరకి రాసే ట్యూబు మందు. వర్క్‌షాపు కుటుంబాలకి మందులు ఉచితం. ఆస్పత్రికి పోయి దురదని అబద్ధం చెప్పి ట్యూబులు రాయించుకొచ్చేవారు. లేని దురదకి తెచ్చిన మందు ఉన్న మొహాలకి పట్టించేవారు. వాసన బాగుంటే మంచి క్రీము, నురగలా తెల్లగా ఉంటే ఇంకా మంచిది. సరుకు ఎంచుకోవడంలో వాళ్లకి తెలిసిందల్లా అంతే.

నేను ఇంటర్‌తో ఆగిపోయాను. మిగతా చదువంతా ఊళ్లో గ్రంథాలయంలో, పక్కన నిఘంటువు పెట్టుకుని నాకు నేను చెప్పుకున్నదే. చర్మవ్యాధుల మీద లావుపాటి ఇంగ్లిషు పుస్తకం ఒకటి ఆ అలమారలో ఉండేది. దాన్ని నాకంటే ముందు ఎవరూ తెరిచినట్టు లేదు. ట్యూబు మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న పేరు ఆ పుస్తకంలో వెతికి పట్టుకున్నాను. అది స్టెరాయిడ్. మొహానికి రోజూ రాస్తే మొదట మెరుస్తుంది, తర్వాత చర్మం పల్చబడిపోతుంది. ఆ మాటే పిన్నికి చెప్పాను.

"లైబ్రరీలో కూకుంటే మొహాలు బాగైపోతాయేటే? ముందు నీ మొహం అద్దంలో సూసుకో," అంది. చుట్టూ ఉన్నవాళ్లు పకపకా నవ్వారు.

అప్పటికి ఏడాదిగా మా చెల్లి కూడా ఆ సీసాలో వేలు పెడుతోంది. మొదట్లో నిజంగానే మెరిసింది. తర్వాత బుగ్గల మీద దారాల్లాంటి ఎర్ర నరాలు తేలాయి. ఎండలోకి వెళ్తే మంటని ఏడ్చేది. దేవేంద్ర నగర్‌లో చర్మ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన క్రీము ఆపించి, మామూలు మాయిశ్చరైజర్ ఒకటి రాసిచ్చాడు. "కొన్నాళ్లు ఇంకా పాడవుతుంది. భరించాలి. భయపడి మళ్లీ రాశావా, మళ్లీ మొదటికే," అన్నాడు. నా పుస్తకమూ అదే చెప్పింది.

అన్నట్టే పాడైంది. మొహమంతా కందిపోయి, సన్నటి పొక్కులు లేచాయి. కాలనీకి పండగయింది. "సూడండి, నా క్రీము మానీసింది, ఎలాగయిపోయిందో!" అని పిన్ని గడప గడపా తిరిగింది.

సరిగ్గా అప్పుడే పిన్ని కూతురి పెళ్లి వచ్చింది. ఆ పిల్లా మా చెల్లీ ఒకే కంచంలో తిని పెరిగారు. పీటల మీద పక్కన కూర్చునే తోడుపెళ్లికూతురు చెల్లే అని చిన్నప్పుడే చెప్పుకున్నారు. పిన్ని గిన్నెలో క్రీము వేసుకుని మా ఇంటికొచ్చింది.

"ఇగో, పెళ్లి దాకా రాసీ. తరవాత మీ అక్క సెప్పినట్టు మానీసుకో. ఈ మొహంతో కూకుంటే ఫోటోలన్నీ ఖరాబ్."

"రాయకపోతే?" అంది చెల్లి.

"మా ఆడపడుచు కూతురుందిగా."

పిన్ని వెళ్లాక చెల్లి గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"రాస్తే నిజంగా మళ్లీ మొదట్నించేనా, అక్కా?"

"మొదట్నించే."

లేచి గిన్నెని సబ్బుతో తోమి, తుడిచి, ఎదురింట్లో ఇచ్చొచ్చింది. "పిన్నీ, నీ గిన్నె," అందిట, అంతే.

ఊరవతల మందిర్ హసౌద్ దగ్గర హాల్లో పెళ్లి. ఆడపడుచు కూతురు పార్లర్ మొహంతో పక్కన కూర్చుంది. మొహం సున్నం కొట్టిన గోడ, మెడ ఎవరో ఇంకో మనిషిది. హోమం వేడికి పూత చారలు కట్టింది. దాన్ని చూసి "ఎంత బాగుందో" అన్నవాళ్లే మా చెల్లిని చూసి "అయ్యో పాపం" అన్నారు. చెల్లి ఎర్రటి మొహానికి పౌడరు కూడా అద్దుకోకుండా ముందు వరుసలో కూర్చుంది. పెళ్లికూతురు మాటిమాటికీ పక్కనున్నదాన్ని వదిలేసి దీని వైపే చూసింది. ఇంటికొచ్చాక మాత్రం చెల్లి తలుపేసుకుని ఏడ్చింది.

వానలు పోయి చలి మొదలయ్యేసరికి మొహం తేటపడింది. ఒకరోజు మా గుమ్మంలోనే పిన్ని దాని గడ్డం పట్టుకుని నలుగురికీ తిప్పి చూపించింది.

"ఏడాది నా క్రీమే రాసింది. దాని గుణం అలాంటిది, నిదానంగా తేల్తాది."

చెల్లి ఆ చెయ్యి తోసేసి లోపలికెళ్లిపోయింది. విన్నవాళ్లు మాత్రం పిన్ని వెనకే ఎదురింటి ఫ్రిజ్ వైపు నడిచారు.