మంగళవారం మాత్ర

మా ఆయన వాళ్ళన్న బీపీ పెరిగి పక్షవాతంతో మంచాన పడిన నాటి నుంచి నాకు బీపీ అంటే వణుకు. మా ఆయనకేమో ఆ వణుకు లేదు, బీపీ ఉంది.

మన్సూరాబాద్‌లో మా గల్లీకి నెలకోసారి, బుధవారం పూట, బస్తీ దవాఖాన సిస్టరమ్మ వస్తుంది. కోస్తా పిల్ల. బీపీ చూసి, నెలకు సరిపడా మాత్రలు చేతిలో పెట్టి పోతుంది. రోజూ పొద్దున ఒకటి. మా ఆయన వేసుకుంటాడు, మంగళవారం, శనివారం తప్ప. ఆ రెండు రోజులూ ఆయనకు ఒక్కపొద్దు. చీకటి పడ్డాక గానీ ముద్ద ముట్టడు. మరి చాయ్? మూడుసార్లు తాగుతాడు. బీడీకైతే లెక్కే లేదు. మాత్ర నోట్లో పడితే మాత్రం ఒక్కపొద్దు చెడుతుందట!

"జర ఆ చాయ్‌తోనే మింగరాదూ!" అని రెండేళ్లుగా మొత్తుకుంటున్నాను.

"నీకేం ఎరుక, ఊకో" అంటాడు.

మొన్న సిస్టరమ్మ ఆయన జబ్బకు పట్టీ చుట్టి, గాలి కొట్టి, మొహం చిట్లించింది.

"బాబాయ్ గారూ, మళ్ళీ ఎక్కువే ఉంది. మందులు రోజూ వేసుకుంటున్నారా?"

"ఏస్కుంటున్న బిడ్డా" అంటూ ఆయన నా వైపు గుడ్లురిమాడు.

"మరి తగ్గదేంటి! డాక్టరమ్మతో చెప్పి డోసు పెంచాలేమో" అని రిజిస్టర్ తెరిచింది.

వేసుకోని మందుకు డోసు పెంచడమా! బావగారి మంచం కళ్ళ ముందు మెదిలింది. ఇంటి గుట్టని ఇన్నాళ్లు ఊరుకున్నదాన్ని, లోపలికి పోయి మిగిలిన మాత్రలన్నీ తెచ్చి ఆమె ఒళ్ళో పోశాను.

"ఇవేంటి పిన్నిగారూ?"

"మంగళారాలు, శనారాలు బిడ్డా. ఒక్కపొద్దు నాడు చాయ్ తాగుతడు, గోలి మింగడు."

సిస్టరమ్మ తల పట్టుకుంది. "నిన్న మానేసి ఇవాళ నాకు చెయ్యి చాపారా బాబాయ్ గారూ? మీ అన్నయ్యగారిని చూసి కూడానా? ఆ చాయ్‌తోనే వేసుకోండి, ఉపవాసం ఏం చెడదు."

"చెడదంటవా బిడ్డా?"

"చెడదు. మీరు పడిపోతే ఆ ఉపవాసం ఎవరుంటారు? డోసు సంగతి తర్వాత. వచ్చేవారం మళ్ళీ వచ్చి చూస్తాను."

"గట్లనా" అని బుద్ధిగా తలూపాడు. రెండేళ్లు నేను అరిచిన మాటే అది!

శనివారం పొద్దున చాయ్ తెస్తుంటే, చేతిలో మాత్ర పట్టుకుని నాకే పాఠం మొదలుపెట్టాడు.

"ఇగో, చాయ్‌తోని ఏస్కోవచ్చంట. సిస్టరమ్మ చెప్పింది. నీకు తెల్వదు గదా."

ఆ చాయ్ ఆయన నెత్తిన పొయ్యాలనిపించింది. ముందు మాత్ర మింగనీ అని ఆగాను.