సగం గోపురం ఊరు

ఈ ఉదయం దోహా నుంచి రాస్ లఫాన్ వెళ్లే కంపెనీ బస్సులో కిటికీ అద్దానికి నుదురు ఆనించుకుని కూర్చున్నాను. అద్దం చల్లగా ఉంది. బయటంతా పొగమంచు, తడిసిన ఇసుక వాసన బస్సులోకి వస్తోంది. రోడ్డు పక్క మేడలన్నీ నడుము దాకానే కనిపించి, ఆపైన మంచులో కరిగిపోయాయి. అలా సగానికే ఆగిన మేడలను చూస్తుంటే మా సేఫ్టీ సార్ గుర్తొచ్చారు. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. సన్నగా, పొడుగ్గా, ఎండకు కమిలిన ఎర్రటి మెడతో, అప్పుడే నిద్రలోంచి లేచి వచ్చినట్టు నెమ్మదిగా మాట్లాడే జర్మనీ మనిషి.

ప్రపంచకప్ కోసం దోహానంతా తవ్వి పోసిన రోజులవి. ఎటు చూసినా క్రేన్లే. ఆటలు చూడ్డానికి వచ్చే అతిథుల కోసం మేమొక హోటల్ కడుతున్నాం. మాది జగిత్యాల. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, ఇంటర్ దాకా వెలగబెట్టిన ఇంగ్లిష్. ఈ మూడూ ఉన్న పాపానికి, పొద్దున్నే పని మొదలయ్యే ముందు సార్ చెప్పే జాగ్రత్తలను మనవాళ్లకు తిప్పి చెప్పే డ్యూటీ నాకు పడింది. బెల్టు కట్టుకోండి, నీళ్లు తాగండి, ఇంతేగా అనుకున్నాను. సార్ మాత్రం బెల్టు దగ్గర మొదలుపెట్టి వాళ్ల ఊరికి వెళ్లిపోయేవారు.

ఆ ఊరి పేరు పలకబోతే గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టుండేది. నా వల్ల కాలేదు. అడవి మధ్యన, ఏటి ఒడ్డున, ఒక బీడీ కాలేలోపు ఈ కొస నుంచి ఆ కొసకు నడిచిపోయేంత ఊరట. ఒకప్పుడు ఇంటింటా మగ్గమేనట. ఆ మాట రాగానే సిరిసిల్ల వాళ్లు చెవులు నిక్కబొడుచుకునేవాళ్లు. ఏరు పొంగినప్పుడల్లా నీళ్లు ఎంతెత్తుకు వచ్చాయో చర్చి గోడ మీద గీత చెక్కి పెట్టేవారట. ఒక నేతగాడి కూతురు ఆకాశం చూసి చూసి చుక్కల పటం గీస్తే, దాన్ని పట్టుకుని ఓడలు సముద్రాలు దాటాయట. మండే ఎండలో, నోటినిండా దుమ్ముతో నిలబడి, మేం ఆ ఏటి చల్లదనంలో తేలిపోయేవాళ్లం. నేనూ ఊరుకోలేదు, ఏటి గట్టున నాలుగు మామిడి చెట్లు నాటేశాను. సార్‌కు తెలుగు రాదు కదా, నన్నెవరు పట్టుకుంటారు!

ఆ ఊరి గొప్పవాళ్లలో సార్‌కు అందరికంటే ఇష్టుడు ఒక మేస్త్రీ. కొన్ని వందల ఏళ్ల కిందటి మనిషి. చర్చి గోపురం సగం లేచాక, పునాది పక్క మట్టిలో చెమ్మ చూసి, ఇంకొక్క రాయి కూడా పెట్టనని పనిముట్లు దించేశాడట. ఊరు తిట్టింది, బతిమాలింది. అతను వినలేదు. గోపురం మొండిగానే మిగిలిపోయింది. పక్క ఊళ్లవాళ్లు ఈనాటికీ ఎగతాళి చేస్తారట.

ఇది నేను తెలుగులో చెప్పగానే గంగారాం చెయ్యెత్తాడు. మా జట్టులో పరంజా మీద అందరికంటే పైన పనిచేసేది అతనే.

“మరి ఆ మేస్త్రీకి ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపిన్రా భాయ్?”

అందరం పగలబడి నవ్వాం. కంపెనీకి నచ్చనివాణ్ని సాగనంపడాన్ని ఇక్కడ ఎగ్జిట్ కొట్టడం అంటారు. ఆ ప్రశ్న ఇంగ్లిష్‌లో చెబితే సార్ నవ్వలేదు.

“అతని ఇల్లే అక్కడ. ఎక్కడికి పంపుతారు? రోజూ ఆ మొండి గోపురం ముందు నుంచే నడిచి వెళ్లాడు” అన్నారు.

“పైకి కడితే నిజంగా కూలేదా సార్?”

“తెలియదు యూసుఫ్. ఎవరికీ తెలియదు.”

కొన్నాళ్లకు మా సైట్‌లో భూమి లోపలి నీళ్ల పైపు పగిలింది. పరంజా కాళ్ల కింద పూడ్చిన మట్టి తడిసింది. గంగారాం జట్టు అప్పటికే పైనుంది. సార్ మోకాళ్ల మీద కూర్చుని మట్టిలో వేలు గుచ్చి చూశారు. లేచి, “అందర్నీ దిగమను” అన్నారు. సరిగ్గా అప్పుడే మేనేజర్ ఊడిపడ్డాడు. గడువు ముంచుకొస్తోందని అతని కంగారు అతనిది. “యల్లా, యల్లా! యూసుఫ్, కామ్ చాలూ రఖ్‌నే బోల్!” అని అరిచాడు. పని ఆపకుండా సాగించమని నేను చెప్పాలట. మైకు నా చేతిలో ఉంది. కిందనున్న ఇద్దరూ, పైనున్న అందరూ నా నోటివైపే చూస్తున్నారు.

భయపడ్డాను, అబద్ధమెందుకు. నా వీసా, ఇంటి దగ్గర అమ్మీ, పెళ్లి కావలసిన చెల్లి, అంతా ఒక్కసారి కళ్ల ముందు తిరిగింది. సార్ నన్ను తొందరపెట్టలేదు. “నువ్వే చూడు” అన్నారంతే. వంగి వేలు పెట్టాను. తడి పిండిలో దిగినట్టు దిగింది.

“గంగారాం! అందరు దిగుండ్రి! పని బంద్!”

“ఏమైంది భాయ్?”

“తర్వాత చెప్త, ముందుగాల దిగు నాయినా!”

దిగారు. ఏమీ జరగలేదు. పరంజా వెంట్రుకవాసి కూడా వంగలేదు. దాన్ని విప్పి, మట్టి గట్టిచేసి, మళ్లీ కట్టేసరికి బోలెడు రోజులు పోయాయి. అందుకు సార్‌ను వాళ్ల దేశం పంపేశారు, నన్ను స్టోర్‌లోకి నెట్టారు. కారెక్కుతూ ఆయన అడిగారు: “విప్పేదాకా అది నిలబడే ఉందా?”

“నిలబడే ఉంది సార్.”

“అయితే మనకూ ఎప్పటికీ తెలియదు” అని కళ్లు మూసుకుని నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. తప్పు చేసినవాణ్ని పంపినట్టు పంపారే అన్న కోపం ఏళ్ల తరబడి నాలో ఉండిపోయింది. ఇప్పుడు నేనూ సేఫ్టీ పనిలోనే ఉన్నాను. ఆపమన్నప్పుడల్లా జనం విసుక్కుంటారు, మాటలు పడతాను.

మొన్న శుక్రవారం దోహాలోనే నజ్మా పేటలో బిర్యానీ తింటుంటే ఎదుటి బల్ల దగ్గర గంగారాం! జుట్టు నెరిసింది, పొట్ట వచ్చింది. కౌగిలించుకున్నాం.

“మన జర్మనీ సారు యాదికున్నడా?” అన్నాను.

“ఏ సారు?”

“అరే, మట్టి మెత్తగైందని మిమ్ములను పైనుంచి దింపలే?”

గంగారాం ఆలోచించాడు. “ఎన్నిసార్లు ఎక్కినమో, ఎన్నిసార్లు దిగినమో! ఎవనికి యాదుంటది భాయ్?” అంటూ మోగుతున్న ఫోన్ తెరిచి నా ముందు పెట్టాడు. మెట్‌పల్లిలో ఉన్న అతని బిడ్డ. మేం ఆ పని ఆపిన చాలా రోజులకు పుట్టిన పిల్ల. ముందు పళ్లు రెండు ఊడిపోయి ఉన్నాయి.

“కాకకు నమస్తే పెట్టు బిడ్డా” అన్నాడు గంగారాం.

ఆ రోజు సంగతి గుర్తుచేద్దామని నోటిదాకా వచ్చింది. ఎందుకో ఆ పిల్లను చూశాక చేయబుద్ధి కాలేదు. నా కోపం కూడా ఎటు పోయిందో తెలియదు.

“కాకా, నువ్వు గూడ దుబాయ్‌లనే ఉన్నవా?” అంది. మా దిక్కు గల్ఫ్‌లో ఏ దేశానికి పోయినా దుబాయే అంటారు.

“ఆ, దుబాయ్‌లనే ఉన్న బిడ్డా” అన్నాను. “మీ నాయిన నా పక్కనే ఉన్నడు.”