అగ్గిపెట్టె దాటిన కారు

ఇరవై ఆరేళ్లొచ్చి, ఉద్యోగం చేసుకుంటూ, ఒక బొమ్మ కారు కోసం నాలుగు రోజులు అన్నం సయించకుండా తిరిగానంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వుకోనివ్వండి. నాకది బొమ్మ కాదు.

చిన్నప్పుడు గుంటూరులో మా అన్నయ్యకు తాళం తిప్పితే పరుగెత్తే కారు ఉండేది. క్రిస్మస్‌కి మేనమామ కొనిచ్చాడు. నేను చెయ్యి చాపితే చాలు, "ఆడపిల్లవి, నీకెందుకే? నువ్వు చూడు చాలు" అనేవాడు అన్నయ్య. ఒకరోజు తిక్కరేగి ఆ తాళంచెవి తీసుకెళ్లి బావిలో పడేశాను. ఇల్లంతా వెతికారు. నేనూ వాళ్లతో కలిసి మంచాల కింద దూరి మరీ వెతికాను.

తొంభైల చివర మాదాపూర్‌లో, సున్నం వాసన ఇంకా పోని ఒక కొత్త భవనంలో నా ఉద్యోగం. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు మరిచిపోతాయని, వాటికి ముందుగానే బుద్ధి చెప్పడం మా పని. మా టీములో మగవాళ్లు ఏడుగురు కలిసి ఒక క్లబ్బు పెట్టారు. ఆదివారం పొద్దున గోపన్‌పల్లి బయట రాళ్ల నేల మీద రిమోట్ కార్ల పందెం. నేనూ వస్తానన్నాను.

"తప్పకుండా రండి. టైములు రాసిపెడుదురుగాని, మీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది" అన్నాడు టీమ్ లీడర్.

అరికాలి మంట నెత్తికెక్కింది. కారుతోనే వస్తానన్నాను. ఆయన నవ్వి, మొదటి పందెం కారుకు చెయ్యి తగలకుండా పూర్తిచేస్తే క్లబ్బులో చేరినట్టు, మధ్యలో ఆగితే టైములు రాసే పుస్తకం ఎప్పటికీ నాదేనని షరతు పెట్టాడు. సరేనన్నాను.

ఆ ఏడుగురూ కార్లను పోలుస్తూ కంప్యూటర్‌లో నలభై వరుసల పట్టిక వేశారు. వేగం, బరువు, మోటారు, అన్నింటికీ మార్కులు. నెల రోజుల చర్చ తర్వాత అందరూ కలిసి ఆబిడ్స్‌లోని ఒక దుకాణానికి వెళ్లి, నేలకు అతుక్కున్నట్టుండే సన్నటి ఎర్ర కారునే కొన్నారు. ఏడుగురూ అదే కారు.

నేను వెళ్లేసరికి అలాంటిది ఒక్కటి మిగిలింది. దాని పక్కన దుమ్ము కొట్టుకుపోయి, లావు చక్రాలతో బురద గేదెలా ఇంకో కారు ఉంది. నా చెయ్యి ఎర్రదాని మీదకే పోయింది. మా ఆఫీసు వ్యాను డ్రైవర్ నా వెంటే వచ్చాడు. ఆయనది గోపన్‌పల్లే.

"మేడమ్, గిది వద్దు" అన్నాడు.

"దీని స్పీడు చూడండి, ఎంతుందో!"

"స్పీడు సరే. మా ఊరి రాళ్లు జూసిన్రా? జర ఆగుండ్రి."

జేబులోంచి అగ్గిపెట్టె తీసి దుకాణం నేల మీద పక్కవాటుగా నిలబెట్టాడు. ఎర్రకారును దాని మీదుగా తోశాడు. పొట్ట తగిలి అగ్గిపెట్టె పడిపోయింది. గేదెను తోశాడు. అగ్గిపెట్టె కదల్లేదు.

"ఇగ ఫికర్ లేదు. గిదే కొనుండ్రి."

నలభై వరుసల పట్టిక ఒకవైపు, అగ్గిపెట్టె ఒకవైపు. కళ్లు మూసుకుని గేదెనే కొన్నాను.

ఆదివారం మియాపూర్ నుంచి అన్నయ్య కూడా వచ్చాడు, చర్చికి వేసుకున్న తెల్లచొక్కాతోనే. ఏడు ఎర్రకార్లు వరుసలో నిలబడ్డాయి. చివర నాది. దాన్ని చూసి అందరూ ఇకిలించారు. టీమ్ లీడర్ దర్జాగా తన రిమోట్ నొక్కాడు.

ఏడు కార్లూ ఒక్కసారిగా దూకాయి!

ఒకటి తుప్పల్లోకి, ఒకటి దాని యజమాని కాళ్ల మీదకి పోయాయి. రిమోట్ సంకేతం ఒక్కో కారుకు ఒక్కోలా ఉండాలట. ఒకే సరుకులోంచి కొన్నారేమో, ఏడింటికీ ఒకటే. ఆఫీసులో ఒక్కొక్కటిగా నడిపి చూశారు గానీ కలిపి చూడలేదు. ఆ పట్టికలో దానికొక వరుసే లేదు. నాకు నవ్వు ఆగక రాయి మీద కూలబడ్డాను.

చివరికి ఏడింటిలో ఒక్కటే నడవాలి, మిగతావి ఆపెయ్యాలి అని తేల్చారు. చీట్లు వేస్తే టీమ్ లీడర్ పేరే వచ్చింది. ఆయనా నేనూ, మూడు రౌండ్లు.

మొదటి రౌండులో ఆయన కారు కంటికి అందలేదు. నా గేదె తాపీగా వెనకాల. టైముల పుస్తకం కళ్ల ముందు ఆడింది. రెండో రౌండులో ఎర్రకారు పొట్ట ఒక రాయికి పట్టేసింది. చక్రాలు గాల్లో గిర్రున తిరుగుతున్నాయి గానీ బండి కదలదు, చెయ్యి పెట్టకూడదు. నా గేదె అదే రాయి ఎక్కి దిగి వెళ్లిపోయింది.

"ఉరికించుండ్రి మేడమ్, ఉరికించుండ్రి!" అని డ్రైవర్ ఎగురుతున్నాడు. మూడో రౌండు ఎలా తిప్పానో నాకే తెలియదు. గీత దాటగానే కెవ్వున అరిచాను. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా కలగలేదు. టీమ్ లీడర్ చేయి కలిపి, టైముల పుస్తకం తానే చంకలో పెట్టుకున్నాడు.

అన్నయ్య మెల్లగా పక్కకు చేరాడు.

"ఒక్క రౌండు ఇవ్వవే."

"నువ్వు చూడు చాలు" అన్నాను.

నవ్వబోయి ఆగిపోయాడు. గుర్తొచ్చినట్టుంది. నా మనసు కరిగిపోయి రిమోట్ చేతిలో పెట్టాను. కారు బయలుదేరి మంచి ఊపు అందుకున్నాక, "అన్నయ్యా, ఆ తాళంచెవి బావిలో పడేసింది నేనే" అన్నాను.

కారు వెళ్లి నేరుగా బండకు గుద్దుకుంది.