శెట్టిగారి అమృతం, నా క్వినైను

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాది నన్ను గిద్దలూరులో జిల్లా బోర్డు నడిపే లోకల్ ఫండ్ ఆస్పత్రికి సబ్ అసిస్టెంట్ సర్జనుగా వేశారు. అప్పట్లో అది కర్నూలు జిల్లా. హోదా పేరు పొడుగే గానీ సర్కారు డాక్టర్ల వరసలో కింది మెట్టు. నల్లమల పక్కనే కాబట్టి వానలు తగ్గగానే ఊరూరా చలిజ్వరం. క్వినైను మిక్చరు తాగించడమే పని. వాంతి చేసుకునేవాళ్లకు, స్పృహ లేనివాళ్లకు మాత్రమే సూది వేయాలని నియమం. సూది వేసిన చోట గడ్డ కట్టే ప్రమాదం ఉండేది.

బట్టల దుకాణం వెంకటసుబ్బయ్య శెట్టిగారికి జ్వరమని ఆయన భార్య రంగమ్మ కబురు పెట్టింది. శెట్టిగారు అరవై దాటిన బక్కమనిషి. దుకాణం తమ్ముడికి అప్పజెప్పి ధ్యానంలో పడ్డారు. నాలుక వెనక్కి మడిచి అంగిటికి ఆనించి కూర్చుంటే తలలోంచి అమృతం దిగుతుందనీ, అది దిగినవాడికి చావు లేదనీ ఆయన నమ్మకం. నాలుకకు చేదు తగిలితే సాధనంతా పోతుందట. అందుకని మిక్చరు ముట్టనన్నారు.

పిల్లలు లేని ఇల్లు. రంగమ్మ నా చెయ్యి పట్టుకుంది. "జరమొచ్చినప్పట్నుంచి ఇట్లనే వణుక్కుంటా కూచున్నాడు నాయనా. నా మాట యాడ ఇంటాడు, నువ్వన్నా చెప్పు."

నాకప్పుడు కోపం ముక్కు మీదుండేది. మందు తాగకపోతే వారం తిరక్కుండా పోతారని మొహం మీదే చెప్పాను. శెట్టిగారు నవ్వి, అట్లా చెప్పిన డాక్టర్లు పోయారు గానీ తాను ఉన్నానన్నారు. నాకు ఒళ్లు మండింది. సంచి సర్దుకున్నాను.

రంగమ్మ నాకు మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్లింది. అప్పుడు ఆయన నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశారు.

"సారూ, చావంటే నాకేం బయం లేదు. నాకంటే ముందు ముత్తైదువగా పోవాలని దాని కోరిక. పెండ్లయిన కాడ్నుంచి గౌరమ్మకు అదే మొక్కుతాది. అది చూస్తే గట్టి మనిషి, నేనేమో ఇట్ల. సాధన లేకుంటే అది పోయేదాకన్నా నేనెట్ల నిలబడేది?"

మొండి ముసలాయన అనుకున్న మనిషి మీద ఒక్కసారిగా ప్రేమ కలిగింది. నాలుకకు తగలకుండా మందు ఒంట్లోకి పోతే అభ్యంతరమా అని అడిగాను. శాస్త్రం నాలుక సంగతే చెప్పింది గానీ పిర్ర సంగతి చెప్పలేదన్నారు.

మజ్జిగ తెచ్చిన రంగమ్మను నీళ్లు కాచమన్నాను. సిరంజి, సూది అందులో మరగబెట్టి, క్వినైను కండలోకి లోతుగా, నెమ్మదిగా ఎక్కించాను. నియమం తప్పుతున్నానని తెలుసు. రోజూ వెళ్లి సూది వేసిన చోట తడిమి చూసేవాణ్ని. గడ్డ కట్టలేదు, జ్వరమూ దిగింది.

కొన్నేళ్లకు నేను మార్కాపురం ఆస్పత్రిలో ఉండగా శెట్టిగారు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఆ నెలలోనే రంగమ్మ పోయిందనీ, పసుపుకుంకాలతో సాగనంపాననీ చెప్పారు. ధ్యానం సాగుతోందా అని అడిగాను.

"ఇంకెందుకు సారూ, మానేసినాను" అన్నారు.

మందు వద్దన్న రోగిని చావు పేరు చెప్పి బెదిరించడం నేను గిద్దలూరులోనే మానేశాను. ఎవరి కోసం బతకాలనుకుంటున్నారని ముందు అడిగేవాణ్ని. జవాబు విన్నాక, మందు ఎట్లా ఇవ్వాలో చాలాసార్లు దారి దొరికేది.