తూర్పు కిటికీ ఎదుట లేచిన గోడ

మా పై గదికి తూర్పున ఒక పెద్ద కిటికీ ఉంది. కొత్తపేటలో ఇల్లు కట్టుకున్నప్పుడు మా ఆయన నా కోసమే దాన్ని పెట్టించాడు. నేను పెళ్లి బ్లౌజుల మీద మగ్గం పని చేస్తాను. చెక్క చట్రానికి బట్ట బిగించి, జరీ దారాలూ పూసలూ సూదితో ఎక్కించే పని. ట్యూబులైటు కింద వంకాయ రంగు, నేరేడు రంగు ఒక్కలాగే కనిపిస్తాయి. పొద్దుటి ఎండలో అయితే దేని రంగు దానిదే.

మా ఆయన నల్లగొండ వైపు బస్సు నడుపుతాడు. చీకటి ఉండగానే ఎల్బీ నగర్ వెళ్లిపోయేవాడు. నేను తలుపు వేసి, చాయ్ గ్లాసుతో పైకెక్కి చట్రం ముందు కూర్చునేదాన్ని. మొదట కిటికీ చువ్వలు బూడిద రంగులో తేలేవి. తర్వాత గోడ మీద పలచటి పసుపు. అది మెల్లగా కిందికి జారి, బట్ట అంచును తాకి, నా వేళ్ల మీదికి వచ్చేది. సగం నిద్రలో ఉన్నట్టుగానే కుట్టేదాన్ని. దూరంగా మెట్రో వెళ్లే చప్పుడు గాలిలాగా వినిపించేది. ఆ ఏళ్ల పొద్దులన్నీ ఇప్పుడు కలిసిపోయి, ఒకటే పొడవాటి పొద్దులా గుర్తున్నాయి.

ఆ వెలుగు పక్కింటి వాకిలి మీదుగా వచ్చేది. ఆ జాగా ఒక పాత ఊరి కుటుంబానిది. ఇక్కడ పొలాలున్న రోజుల నుంచీ వాళ్లు ఇక్కడే ఉన్నారు. ఆ ఇంటావిడ నాకంటే చాలా పెద్ద, నేను అక్కా అని పిలిచేదాన్ని. వెనకవైపు రెండు గదుల పెంకుటిల్లు, ముందు మా గోడ దాకా విశాలమైన వాకిలి. మేము కొత్తగా వచ్చినప్పుడు బోరు పడేదాకా వాళ్ల బావి నీళ్లే తాగాం. నా పురిటికి దవాఖానకు ఆమే వెంట వచ్చింది.

ఒక సాయంత్రం ఆమె మా గేటు దగ్గర నిలబడి, జాగా బిల్డరుకు ఇచ్చామని చెప్పింది. కొడుకులు ఇద్దరూ వేరు పడుతున్నారట, అయిదంతస్తులు లేస్తాయట. మంచిదే అక్కా అన్నాను. ఆ రాత్రి పడుకున్నాక గానీ నాకు కిటికీ గుర్తుకు రాలేదు.

అక్క వాళ్లు పక్క గల్లీలో కిరాయికి దిగారు, పెంకుటిల్లు కూల్చారు. కొన్నాళ్లు మా గదిలోకి ఇంకా ఎక్కువ వెలుగు వచ్చింది. అంత వెలుగు చూసి భయమేసింది. తర్వాత నేల మీద సున్నంతో గీతలు గీశారు. ఆఖరి గీత మా గోడకు ఆనుకొని ఉంది. మా ఆయన బిల్డరును అడిగితే, ఈ గల్లీలో అందరూ అట్లాగే కడుతున్నారని, వాళ్ల జాగాలో వాళ్లు కట్టుకుంటున్నారని చెప్పి పంపేశాడట.

నా దగ్గర బ్లౌజులు కుట్టించుకునే ఒకావిడ భర్త లాయరు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన ఆఫీసుకు వెళ్లాం. మెట్లెక్కుతుంటే ట్యూబులైట్లు. లోపల కూడా ట్యూబులైట్లే. కిటికీకి అడ్డంగా బీరువా ఉంది. వెలుతురు మీద హక్కు చట్టంలో ఉందని, కానీ అది రావాలంటే ఇరవై ఏళ్లు ఎవరూ అడ్డు చెప్పకుండా ఆ వెలుగును వాడుకుని ఉండాలని ఆయన ఓపిగ్గా చెప్పారు. మా ఇంటికి ఇంకా అన్నేళ్లు రాలేదు. అయితే మున్సిపాలిటీ ప్లాను ప్రకారం గోడకూ గోడకూ మధ్య ఖాళీ వదలాలి, దాని మీద ఫిర్యాదు చేస్తే పని ఆగుతుందన్నారు. మా ఆయన వెంటనే చేద్దామన్నాడు. ముందు అక్కతో మాట్లాడతానని నేను అన్నాను. బావి నీళ్లు తాగిన నోటితో ఆఫీసులో ఫిర్యాదు చెప్పడం నా వల్ల కాలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమెను మా పై గదికి పిలిచాను. అన్నేళ్లలో ఎన్నోసార్లు మా మెట్ల మీద కూర్చుంది గానీ, ఆ వేళకు ఆ గదిలోకి ఎప్పుడూ రాలేదు. చాప మీద కూర్చుంది. చట్రం మీద ఎవరో పెళ్లికూతురి నెమలికంఠం రంగు బ్లౌజు ఉంది. వెలుగు గోడ దిగి, బట్ట మీదికి వచ్చింది. జరీ ఒక్కొక్క పోగే వెలిగింది. ఆమె చెయ్యి చాపి ఆ ఎండలో పెట్టింది. చాలాసేపు అట్లాగే ఉంచింది.

"గిది పోతదని పిలిచినవా?" అంది.

అవునన్నాను. ఆమె ఎండలోంచి చెయ్యి తీయలేదు.

"మీ ఇల్లు లేసినప్పుడు మా వాకిట్ల పొద్దుగూకే ఎండ పోయింది చెల్లె. మా అత్త, నేను ఆ ఎండల కూసొని తలలు దువ్వుకునేది. మీ గోడ లేసినంక చలికాలం ఆమె బయటికే రాకపాయె."

మా గోడకు అవతలి పక్క ఒకటి ఉంటుందని అప్పటిదాకా తోచనే లేదు. ఎందుకు చెప్పలేదక్కా అని అడిగాను.

"ఏమని చెప్తం? మీ జాగల మీరు కట్టుకున్నరు. ఎండ మాదని ఎట్ల అంటం?"

కాసేపు ఇద్దరం బట్ట మీద వెలుగు జరగడం చూస్తూ కూర్చున్నాం. ఆమె అత్త ఎట్లా ఉండేదో, ఎండలో కూర్చుని ఏం పాడేదో చెప్పింది. పెద్దావిడను మా గేటులోంచి ఒకటి రెండుసార్లు చూసినట్టు లీలగా గుర్తు. ప్లాను ప్రకారం గోడల మధ్య వదలాల్సిన ఖాళీ సంగతి అప్పుడు చెప్పాను. వెళ్లేటప్పుడు మెట్ల మీద ఆగి, "నేను మాట్లాడి చూస్త," అంది.

మాట్లాడింది కూడా. కొడుకులు ఒప్పుకోలేదట. గదులు చిన్నవైపోతాయని పెద్దవాడు రెండు రోజులు తల్లితో పలకలేదట. గాలీ వెలుతురూ లేని ఫ్లాట్లలో కిరాయికైనా ఎవరుంటారని ఆమె అడిగిందట. ప్లాను మీద సంతకం తనదే కాబట్టి, ప్లానులో ఎంత ఖాళీ చూపించారో అంతా వదలాల్సిందేనని బిల్డరు ముందే కూర్చుందట. గీతలు చెరిపి మళ్లీ గీశారు. సున్నం గీత మా గోడకు దూరంగా జరిగిన రోజు మా ఆయన డాబా మీద నిలబడి చాలాసేపు చూశాడు.

అయినా బిల్డింగు లేచింది. ఒక్కో స్లాబు పడినప్పుడల్లా నా ఎండ ఇంకాస్త ఆలస్యంగా వచ్చేది. రెండో స్లాబు తర్వాత గోడ మీదికి వచ్చి, కిందికి దిగకుండానే పోయింది. మూడోదాని తర్వాత పైకప్పు అంచున ఒక గీతగా మిగిలింది. ఆ తర్వాత రాలేదు. వారం రోజులు నేను చట్రం ముట్టుకోలేదు. ఊరికే కూర్చుని, పొద్దు ఎక్కడిదాకా వచ్చిందో ఊహించుకునేదాన్ని.

రంగులు వేసే రోజు ఆమె కింది నుంచి పిలిచి, మా వైపు గోడకు ఏ రంగు వేయించమంటావని అడిగింది. తెలుపు అన్నాను. మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి ఎండ రెండిళ్ల మధ్య వదిలిన సందులోకి నిలువునా దిగింది. తెల్లగోడకు తగిలి మెత్తబడి, పాలలాగా నా గదిలోకి పరుచుకుంది. చట్రం మీద నీడ అన్నదే లేదు. పాత ఎండ అది కాదు. కానీ వంకాయ రంగు, నేరేడు రంగు మళ్లీ వేరువేరుగా కనిపించాయి.

ఎదురు ఫ్లాటులోకి గుంటూరు నుంచి ఒక కుటుంబం కిరాయికి వచ్చింది. ఒక రోజు ఆవిడ వంటింటి కిటికీలోంచి పలకరించి, "మీరేమీ అనుకోకపోతే ఒక మాటండీ. మీ గోడకి కూడా కాస్త తెల్ల రంగు వేయిస్తారా? సిమెంటు గోడ కదా, మా వంటిల్లు చీకటిగా ఉంటోంది," అంది. ఆ ఆదివారమే మా ఆయన డబ్బా తెచ్చి, నిచ్చెన ఎక్కాడు.

ఇప్పుడు నేను మధ్యాహ్నాలు కుడతాను. పొద్దున పూట నాకు పని లేదు. అక్క, నేను రైతుబజారుకు నడిచి వెళ్తాం. కూరలు దించుకునే వేళకు అక్కడ ఉంటాం. తడిసిన కొత్తిమీర కట్టల మీద, తూకం పళ్లేల మీద, ఆమె నెరిసిన జుట్టు మీద ఎండ పడుతుంటుంది. ఆమె బేరమాడుతుంటే సంచి పట్టుకుని పక్కన నిలబడతాను. ఒక్కోసారి ఎందుకు వచ్చామో కూడా మరిచిపోయి, ఇద్దరం ఆ ఎండలో కాసేపు ఊరికే నిలబడతాం.