ఎదురింటి అక్క వంట, నా పేరు

పోయిన ఆదివారం జగిత్యాలలోని మా ఇంట్లో పొయ్యి ముందు నిలబడి నేను చింతచిగురు అప్పలు కాలుస్తుంటే, మా కోడలు పక్కనే ఫోను పట్టుకుని వీడియో తీసింది. ఈ రోజుల్లో వంట చేయడంకన్నా వంటను చూపించడమే పెద్ద పని కదా. తీసిందంతా నాకు చూపించి, దాని కింద తాను రాసిన మాటలు ముచ్చటగా చదివి వినిపించింది: మా అత్తమ్మ సొంతంగా కనిపెట్టిన వంటకం. నేను స్టవ్ ఆర్పేసి, కళ్లు తిరుగుతున్నాయని చెప్పి గదిలోకి వెళ్లి పడుకున్నాను. కళ్లు తిరగలేదు. మా కోడలికి తెలియనిదీ, చనిపోయిన మా ఆయనకు కూడా ఏనాడూ చెప్పనిదీ ఒక సంగతి ఉంది. నా ఈడువాళ్లకైతే చెప్పుకోవచ్చుననిపించి ఇప్పుడు రాస్తున్నాను.

నాకు పెళ్లైన కొత్తలో మేము సిరిసిల్లలో ఉండేవాళ్లం. మా ఆయనది ప్రభుత్వ ఆఫీసులో చిన్న ఉద్యోగం. మేము అద్దెకున్న గల్లీలో మిగతా అందరూ మగ్గాల మీద బతికేవాళ్లు. పొద్దున లేచింది మొదలు మరమగ్గాల చప్పుడే. కోరుట్లలో నిశ్శబ్దంగా ఉండే ఇంట్లో పుట్టి పెరిగిన నాకు మొదట్లో ఆ చప్పుడుకు తలనొప్పి వచ్చేది కానీ, ఏడాది తిరిగేసరికి కరెంటు పోయి మగ్గాలు ఆగితేనే చెవుల్లో ఏదో వెలితిగా ఉండేది. పదో తరగతి పాసయ్యాక ఇంకా చదువుకుంటానని ఎంత ఏడ్చినా వినకుండా మా నాయన నాకు పెళ్లి చేశాడు. ఆ గల్లీలో ఆడవాళ్లలో చదవగలిగేది నేనొక్కదాన్నే కాబట్టి ఉత్తరమొచ్చినా, కరెంటు బిల్లొచ్చినా నా దగ్గరికే తెచ్చేవాళ్లు. అది నాకు లోపల ఎంత గర్వంగా ఉండేదో ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

అప్పట్లో నెలకొకసారి ఒక వంటల పుస్తకం బస్టాండు దగ్గరి దుకాణానికి వచ్చేది. మేము ఆరిళ్లవాళ్లం కలిసి దాన్ని తెప్పించుకునేవాళ్లం. మధ్యాహ్నం పనులు తెమిలాక మా ఇంటి అరుగు మీద అందరూ చేరితే నేను చదివేదాన్ని, వాళ్లు వినేవాళ్లు. నెలకొక ఇంటివాళ్లు అందులో ఒక కొత్త వంట చేసి మిగతా ఐదిళ్లకూ పంచాలని మాలో మేము పెట్టుకున్న నియమం. ఆ పుస్తకంతో మేము పడ్డ తిప్పలు ఇన్నీ అన్నీ కావు. టేబుల్ స్పూను అని రాసి ఉంటే, గల్లీ మొత్తంలో టేబుల్ ఉన్న ఇల్లు ఒక్కటే కాబట్టి ఆ ఇంటి చెంచాతోనే కొలవాలేమోనని వెళ్లి అడిగి తెచ్చుకున్నాం. ఇసుక పోసిన గంజులో కేకు పెట్టి, పొంగిందా లేదా అని ఐదు నిమిషాలకోసారి మూత తీసి చూసి, చివరికి పలకలాంటి దాన్ని కత్తిపీటతో కోసుకుని తిన్నాం. అయినా ఆ నవ్వులు, ఆ ఎదురుచూపులు ఎంత బాగుండేవో.

ఎదురింట్లో ఒక అక్క ఉండేది. ఆమెది మేడిపల్లి దగ్గర పుట్టినూరు, మగ్గం నడిపేవాణ్ని చేసుకుని సిరిసిల్ల వచ్చింది. బడి ముఖం చూడలేదు. కానీ చేతిలో మాత్రం ఏదో ఉండేది. నేను చదువుతుంటే కళ్లు మూసుకుని వినేది, ఆ మరునాడు కొలతలేవీ లేకుండానే మా అందరికన్నా బాగా చేసేది. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు జొన్నరొట్టె చేతులతో కొట్టడం నేర్పిందీ, నాకు మొదటి కడుపు పోయినప్పుడు వారం రోజులు మా ఇంట్లో వంట చేసిందీ ఆమే. సొంత అక్క కూడా అంత చెయ్యదు.

ఒక ఎండకాలం ఆమె వంతు వచ్చింది. ఆ నెల పుస్తకంలో కట్‌లెట్ అనే వంట ఉంది. దానికి బ్రెడ్డు పొడి, ఇంకేవో కావాలి. అప్పటికే నూలు సరిగ్గా రాక ఆమె భర్తకు వారంలో మూడు రోజులే పని దొరుకుతోంది. ఈసారి వద్దులే అక్కా, నా వంతుగా నేను చేస్తానని నేను అనాల్సింది. అనలేదు. ఆమె మాత్రం ఇంట్లో మిగిలిన జొన్నరొట్టెలను మెత్తగా నలిపి, లేత చింతచిగురును పెంక మీద దోరగా వేయించి అరచేతుల్లో నలిపి, ఉడికించిన ఆలుగడ్డ ఒకటి, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు, నువ్వులు కలిపి, చేత్తో ఒత్తి, చెంచాడు నూనెతో కాల్చి తెచ్చింది. పైన కరకర, లోపల పుల్లగా, కారంగా. మేమంతా వేళ్లు నాక్కుంటూ తిన్నాం. పుస్తకంలో ఉన్నది ఇది కాదని అందరికీ తెలుసు, పుస్తకంలో ఉన్నదానికన్నా ఇదే బాగుందనీ తెలుసు.

ఆ పుస్తకం చివరి పేజీల్లో చదివేవాళ్లు రాసి పంపిన వంటలు వేసేవారు, కింద పేరు, ఊరు ఉండేవి. అంతకుముందు నేను మూడుసార్లు రాసి పంపాను, ఒక్కటీ వేయలేదు. అక్క వంట రాసి పంపుతానని చెబితే ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ మధ్యాహ్నమే నోటుపుస్తకం కాగితం మీద వంటంతా రాసి, కింద ఆమె పేరే రాశాను. ఇది నిజం. కానీ మంచి కాగితం మీద ఎత్తి రాసేటప్పుడు కింద నా పేరు రాశాను. మాటలు నావే కదా, చింతచిగురు కట్‌లెట్ అని దానికి పేరు పెట్టింది నేనే కదా, ఆమెకు చదవడమే రాదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అచ్చులో నా పేరు చూసుకోవాలన్న ఆశ తప్ప ఇంకే కారణమూ లేదని అప్పుడూ నాకు తెలుసు.

వానలు మొదలయ్యాక ఒక నెల పుస్తకం అక్కే తెచ్చింది. అరుగు మీద నేను పేజీలు తిప్పుతుంటే చివర్లో అది కనబడింది. ఆ పేజీ దాటేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ అచ్చులో పడ్డ నా మాటలను నా నోటితో చదవాలన్న ఆశను ఆపుకోలేకపోయాను. రెండు వరుసలు చదివానో లేదో అక్క కేక వేసింది.

"గిది నేను జేసినదే గదనే! నిజంగ పుస్తకంల వడ్డదా?"

అందరూ ఒకటే సంబరం. అక్క చేతులు కొంగుకు తుడుచుకుని నా పక్కకు జరిగి కూర్చుంది.

"నా పేరు యాడున్నది చెల్లె? ఏలు వెట్టి సూపియ్యి."

నేను నా పేరు మీద వేలు పెట్టి చూపించాను. ఆమె దాన్ని దగ్గర్నుంచి చూసింది, అచ్చు చెరిగిపోతుందేమో అన్నట్టు మెల్లగా తాకింది. ఆమె పేరు రెండక్షరాలు, నా పేరు పొడుగు.

"నా పేరు గింత పొడుగుంటదా?"

"ఊరి పేరు గూడ కలిపి వేసిండ్రక్కా," అన్నాను.

అంత తొందరగా, అంత సులువుగా ఆ అబద్ధం నా నోట్లోంచి ఎలా వచ్చిందో ఈనాటికీ నాకు అర్థం కాదు. ఆమె ఆ పేజీ తనకు కావాలని అడిగింది. అందరూ సరేనన్నారు. బ్లేడుతో జాగ్రత్తగా కోసి నేనే ఇచ్చాను. ఆ సాయంత్రం మగ్గం దగ్గర్నుంచి వచ్చిన, తనలాగే చదువురాని భర్తకు ఆమె ఆ కాగితం చూపించి నవ్వడం మా కిటికీలోంచి చూసి, లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను.

ఆ ఏడాది దసరా నాటికి సిరిసిల్లలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అవి ఎలాంటి రోజులో ఆ ఊళ్లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు, లేనివాళ్లకు చెప్పినా తెలియదు. మా గల్లీలోనే ఒకింట్లో మనిషి ఉరేసుకున్నాడు. నెల మొదట్లో జీతం అందుకునే మా ఇంట్లో మాత్రం ఏమీ మారలేదు. వంటల పుస్తకం తెప్పించుకోవడం ఆగిపోయింది. ఎవరూ వద్దని అనలేదు, ఎవరూ తేలేదు, అంతే. కూడబలుక్కున్నట్టు ఇళ్లకు తాళాలు పడ్డాయి. మగ్గం పని వెతుక్కుంటూ కొందరు మహారాష్ట్రలోని భీవండికి, కొందరు సూరత్‌కు. అక్క వాళ్లు భీవండికి పోయే పొద్దున ఆమె మా ఇంటికి వచ్చి, అక్కడ మన తెలుగువాళ్లు మగ్గం పనివాళ్లకు వండిపెట్టే మెస్సులు నడుపుతారట, ఈ కాగితం చూపిస్తే వంటపని దొరకకపోతుందా అని సంతోషంగా చెప్పింది. ఆ కాగితం ఊరు దాటకముందే నిజం చెప్పడానికి నాకు దొరికిన ఆఖరి సమయమది. ఆటో వచ్చేదాకా ఆమె చెయ్యి పట్టుకుని నిలబడ్డాను గానీ నోరు విప్పలేదు. ఒక సంచిలో బియ్యం పోసి ఇచ్చాను. నా తప్పును బియ్యంతో కొలుచుకున్నానేమో.

తర్వాత చాలా ఏళ్లకు, మాకు జగిత్యాలకు బదిలీ అయి పిల్లలు పెద్దవాళ్లయ్యాక, ఒక మంగళవారం కొండగట్టులో దర్శనం చేసుకుని దిగి వస్తుంటే వెనుకనుంచి ఎవరో నా భుజం మీద చెయ్యి వేశారు. అక్క. బాగా చిక్కిపోయింది, ముక్కుపుడక లేదు. భర్త పోయాడనీ, కూతురి పెళ్లి చేశాననీ, తను మేడిపల్లికి తిరిగి వచ్చేశాననీ చెప్పింది. కొండ కింద బస్సుల కోసం ఆగినచోట ఇద్దరం కూర్చున్నాం. నేను అడగకుండానే ఆ కాగితం సంగతి ఎత్తింది. భీవండిలో ఒక మెస్సుకు పోయి యజమాని భార్యకు ఆ పేజీ ఇచ్చిందట. ఆమె చదివి, నీ పేరేమిటని అడిగిందట. చెబితే, ఈ కాగితం మీద ఉన్నది నీ పేరు కాదు, ఎవరిదో పట్టుకొచ్చి మోసం చేస్తున్నావా అని భోజనానికి కూర్చున్నవాళ్లందరి ముందూ అన్నదట. అలా కూర్చున్నవాళ్లలో మన సిరిసిల్లవాళ్లూ ఉన్నారట. ఆ తర్వాత ఇంకే మెస్సు గడపా తొక్కలేదట. ఉన్నన్నాళ్లూ మగ్గాల షెడ్డులో కండెలకు నూలు చుట్టిందట.

ఇదంతా ఎవరో వేరే మనిషికి జరిగినట్టు చెప్పి, నా ముఖంలోకి చూసింది.

"పేపరోళ్లే తప్పు జేసిండ్రు గావచ్చు. నువ్వైతే నా పేరే రాసి పంపినవ్ గదా చెల్లె?"

ఆమె గొంతులో కోపం లేదు. చెప్పడానికి అంతకన్నా మంచి చోటు, అంతకన్నా మంచి సమయం నాకు దేవుడు కూడా ఇవ్వలేడు.

"అవునక్కా, వాళ్లే తప్పు వేసిండ్రు," అన్నాను.

"గట్లనా," అన్నది. తన సంచిలోంచి కొబ్బరిముక్క తీసి నా చేతిలో పెట్టింది. అప్పుడే దూరంగా బస్సు వచ్చింది. నా కళ్లు నీళ్లతో మసకబారి ఉన్నాయి. జగిత్యాల బస్సనుకుని లేచాను.

"గది జగిత్యాల కాడ ఆగిపోయేది గాదు, కోరుట్లది. మా మేడిపల్లి మీదికెళ్లి పోతది. బోర్డు మీద రాసున్నది సూడు."

నేను ఆమె వంక తిరిగి చూశాను.

"సదువెప్పుడు నేర్చినవక్కా?"

"భీవండిల. గా మెస్సుకాడ ఇజ్జత్ వోయినంక మా బిడ్డ పలక వట్టుకొని కూసున్న. మొదాలు సదివింది గా కాయితమే. నీ పేరే సదివిన చెల్లె." బస్సెక్కుతూ వెనక్కి తిరిగింది. "ఊరి పేరు ఏరేగ రాసున్నది, దాని కింద."

ఆ బస్సు జగిత్యాల మీదుగానే పోతుంది గానీ నేను ఆమె వెంట ఎక్కలేకపోయాను. అది వెళ్లిపోయింది. అంటే ఆమెకు అన్నీ తెలుసు. తెలిసే, తప్పు ఒప్పుకోవడానికి నాకు ఒక దారి చూపించింది. అబద్ధం చెప్పడానికి కూడా ఒక దారి పక్కనే ఉంచింది. నేను ఏది ఎంచుకుంటానో చూసి వెళ్లిపోయింది. మేడిపల్లి మా జగిత్యాలకు ఎంత దూరమని. కోరుట్లలో పుట్టింటికి పోయిన ప్రతిసారీ ఆ ఊరి మీదుగానే పోయాను. ఒక్కసారీ దిగలేదు. చివరికి ఒకసారి ధైర్యం చేసి దిగి ఇల్లు అడిగితే, ఆమె పోయి నాలుగు నెలలైందని చెప్పారు. ఆ ఇంటి ముందు నిలబడటానికి కూడా నాకు ముఖం చెల్లక తర్వాతి బస్సుకే వచ్చేశాను.

ఇటీవల ఒక పెళ్లికి సిరిసిల్ల పోయినప్పుడు ఆ గల్లీలోకి వెళ్లి చూశాను. అరుగులన్నీ తీసేసి గేట్లు పెట్టుకున్నారు. ఏ ఇంట్లో ఏం వండుతున్నారో పక్కింటికి తెలియదు. ఆడపిల్లలందరూ చదువుకున్నారు, కాలేజీలకు పోతున్నారు. ఒకరు చదివితే ఐదుగురు చుట్టూ కూర్చుని వినే కాలం పోయిందని నా ఈడువాళ్లు ఎవరైనా బాధపడితే నేనూ తలూపుతాను, ఆ మధ్యాహ్నాలు నాకూ గుర్తొస్తాయి. కానీ ఆ గల్లీలో ఇప్పుడు ఏ ఆడమనిషీ తన గురించి ఏం రాసి ఉందో తెలుసుకోవడానికి ఇంకొకరి ముఖంలోకి చూడక్కర్లేదు. నాలాంటి దాన్ని నమ్మాల్సిన అవసరం వాళ్లకు లేదు. కాలం మారి పోగొట్టుకున్నవాటిలో నేను ఏడవకూడనిది అదొక్కటే.