చెవిలో షావుకారు

ఆ రోజుల్లో చెవికి వైరు తగిలించుకుని తిరిగేవాణ్ణి జనం కాస్త మర్యాదగానే చూసేవారు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే జేబుల్లోకి దిగుతున్న కాలం. గవర్నర్‌పేటలో ఒక చీరల షోరూమ్‌లో రెండో అంతస్తుకి సూపర్‌వైజర్నని చెబితే ఎవరూ పట్టించుకోలేదు గానీ, చెవిలో హెడ్‌సెట్టు, నడుముకి దాని పెట్టె తగిలించుకుని రోడ్డు దాటితే మాత్రం ఆటోవాళ్ళు ఆగి దారిచ్చారు. (వెనకాల ఎవరో మంత్రిగారు వస్తున్నారనుకున్నారట.) బీకాం చదివినందుకు ఆ మాత్రం ఫలితం దక్కిందని మా అమ్మ కూడా సంతోషించింది.

ఆ హెడ్‌సెట్లు తెప్పించింది మా షావుకారు గారు. కింద అద్దాల గదిలో కూర్చుని, టీవీలో మమ్మల్ని చూస్తూ ఆయన మైకులో మాట్లాడతారు, అంతస్తుకిద్దరం చొప్పున మేం వింటాం. అంతవరకు ఏర్పాటు బాగానే ఉంది. చిక్కల్లా ఆయన గొంతుతోనే. ఆయన పుట్టి పెరిగింది నేతవారింట్లో. నాలుగు మగ్గాలు పొద్దున్నుంచీ టకాటకా ఆడుతుంటే, ఆ మోత మీద నుంచి 'మంచినీళ్ళు' అన్నా కేకేసే అనాలి. మగ్గాలు పోయి షోరూమ్ వచ్చింది గానీ గొంతు మాత్రం మగ్గాల దగ్గరే ఉండిపోయింది. మాటని వైరు మోసుకెళుతుందన్న నమ్మకం ఆయనకి ఎప్పుడూ కుదరలేదు. రెండో అంతస్తంటే అంతెత్తుకి విసరాలి కదా అని బలంగా విసిరేవారు. అది తిన్నగా వచ్చి నా కుడిచెవిలో పడేది. "రెండో ఫ్లోరూ! పట్టు సెక్షన్లో పెద్దావిడకి స్టూలేయండీ!" అంటే, ఆవిడకంటే ముందు స్టూలు మీద నేను కూలబడేవాణ్ణి.

రెండు నెలలు తిరిగేసరికి కుడిచెవిలో ఈల మొదలైంది. సెట్టు తీసి ఇంటికొచ్చినా అది ఆగేది కాదు. నిద్ర సరిగా పట్టేది కాదు. అమ్మ "కూర ఎలా ఉందిరా?" అంటే, "ఒక్కసారి చెబితే చాలండీ!" అని అరిచాను. (పాపం, ఆవిడ ఒక్కసారే అడిగింది.) కుక్కరు కూత వేస్తే "వస్తున్నా సార్" అంటూ లేచి నిలబడ్డాను. చెవి డాక్టరు గారు లైటు పెట్టి చూసి, "ఈ మోత ఇలాగే సాగితే ఈల అలాగే ఉండిపోతుందయ్యా. ఉద్యోగం మానేస్తావా, చెవి మానేస్తావా?" అన్నారు. మానేయడానికి ఉద్యోగం నాకింకా పూర్తిగా రాలేదు. శ్రావణమాసం అమ్మకాలు చూసి పర్మనెంటు చేస్తామన్నారు. అందాకా చెవి ఓర్చుకోవాలి.

ఇంత మోతలోనూ మా అంతస్తులో రెండో సెట్టు పెట్టుకున్న మనిషి మాత్రం కాలవ నీళ్ళంత నిదానంగా ఉండేవారు. పాతికేళ్ళుగా పట్టుచీరలమ్ముతున్న ముస్లిం పెద్దాయన. ఎప్పుడూ చెవిలో అత్తరు దూది ఉంటుంది కాబట్టి మాకందరికీ అత్తరు బాబాయ్. "బాబాయ్‌ని చూసి నేర్చుకోండి! నేను నోరు మూసేలోపు పనైపోతుంది!" అని షావుకారు గారు రోజూ మెచ్చుకునేవారు. ఒకరోజు భోజనాల దగ్గర ఉండబట్టలేక అడిగేశాను.

"బాబాయ్, ఆ కేకలకి మీకు తలనొప్పి రాదా?"

"ఏ కేకలు నాయనా?"

ఆయన అటూ ఇటూ చూసి చెవిలోంచి దూది తీశారు. అందరిలా చెవి మడతలోంచి కాదు, లోపల్నుంచి. రేగుపండంత ఉంది. "ఎడమ చెవి బేరాలకి. కుడిది సెలవులో ఉంది."

"మరి ఆయన చెప్పినవన్నీ ఎలా చేస్తున్నారు?"

"నీ మొహం చూసి! నీ కుడికన్ను ముడుచుకుందంటే కేక పడిందన్నమాట. ఆ తర్వాత నువ్వెటు చూస్తే నేనటు. నా సెట్టు నువ్వే నాయనా. అల్లా నిన్ను చల్లగా చూడాలి."

బీకాం చదివి ఇంకొకరికి యాంటెన్నాగా పనికొస్తున్నానని అప్పుడు తెలిసింది. నా మొహం చూసి బాబాయ్‌కే జాలేసింది. జేబులోంచి చిన్న సీసా తీసి, దూది మల్లె అత్తరులో ముంచి నా కుడిచెవిలో పెట్టారు. రెండు నెలల తర్వాత లోకం మొదటిసారి మెల్లగా మాట్లాడింది.

నా మొహం ప్రశాంతమైపోతే బాబాయ్‌కి కబురెవరు చెబుతారన్నది మా ఇద్దరికీ తట్టలేదు. శ్రావణ శుక్రవారం నాడు ఉయ్యూరు నుంచి పెళ్ళివారు పదిమంది వచ్చి మా అంతస్తులో ఓ మూల నిలబడ్డారు. ఇవతల మేమిద్దరం, ఆ పూట షావుకారు గారు ఎంత తక్కువ మాట్లాడుతున్నారో అని సంతోషిస్తూ, చీరలు మడతలు పెట్టుకుంటున్నాం. (ఆ కాసేపట్లో ఆయన పద్నాలుగు సార్లు పిలిచారని ఒకటో అంతస్తువాళ్ళు తర్వాత లెక్క చెప్పారు.) చూసి చూసి పెళ్ళివారు మెట్లవైపు తిరిగారు. అప్పుడు తెరుచుకుంది కింద అద్దాల గది తలుపు.

"రెండో ఫ్లోరూ!"

మైకు లేదు, వైరు లేదు. ఆ కేక మెట్లెక్కి, దూది దాటుకుని మరీ వచ్చింది. పెళ్ళివారు భయపడి వెనక్కొచ్చి బుద్ధిగా కూర్చున్నారు. దాని వెనకే షావుకారు గారు వచ్చారు. వాసన పట్టి, నా చెవిలోంచి దూది రెండు వేళ్ళతో లాగారు. పర్మనెంటుకి మనసులోనే దణ్ణం పెట్టేశాను.

"నేనే పెట్టానండీ, తప్పు నాది. కుర్రాడి చెవి పాడైపోతోంది" అన్నారు బాబాయ్.

ఈల సంగతి, డాక్టరు గారి మాట నేనూ చెప్పేశాను. షావుకారు గారు ఆ దూది కేసి చాలాసేపు చూశారు. తర్వాత గొంతు తగ్గించారు. అది తగ్గుతుందని మాకందరికీ తెలిసింది ఆ రోజే.

"మగ్గం దిగాక కూడా టకటక వినపడుతోందనేవాడు మా నాన్న. మేం నవ్వేవాళ్ళం. చివరికి మా అమ్మ పిలవడం మానేసి భుజం తట్టేది." దూది నా చేతిలో పెట్టి, "ముందే చెప్పొచ్చుగా నాకు?" అన్నారు.

"చెబుదామనే అనుకున్నానండీ. మీరు మాట్లాడుతుంటే సందు దొరకలేదు."

మర్నాటికి హెడ్‌సెట్లు అట్టపెట్టెలోకి వెళ్ళిపోయాయి. ఏదైనా చెప్పాలంటే షావుకారు గారే ఆయాసపడుతూ మెట్లెక్కొచ్చి, నా ఎడమపక్క నిలబడి, భుజం తట్టి చెప్పేవారు. పర్మనెంటైన మాట కూడా అలాగే చెప్పారు.

ఈల మాత్రం పూర్తిగా పోలేదు, సన్నగా ఉండిపోయింది. మొన్న బీసెంటు రోడ్డులో ఒక కుర్రాడు రెండు చెవుల్లో వైర్లు పెట్టుకుని పోతుంటే, "బాబూ, కాస్త సౌండు తగ్గించుకో" అని మెల్లగా చెప్పాను. రోడ్డుకి అటువైపు వాళ్ళు కూడా తిరిగి చూశారు. ఇంట్లో మాత్రం గొడవేం లేదు. ఈమధ్య మా ఆవిడ పిలవడం మానేసి, భుజం తడుతోంది.